బుడమేరు బురదలోంచి నాన్న ప్లేట్లు: ఏడు నెలల నా అనుభవం

మా ఇంట్లో గ్రామఫోన్ రికార్డు అనే మాట వాడేవాళ్లం కాదు. ప్లేటు అనే అనేవాళ్లం. మా తాతయ్యది మైక్‌సెట్ల షాపు. పెళ్లిళ్లకూ పేరంటాలకూ గుళ్లకూ మైకులు అద్దెకిచ్చేవారు. ఆయన తర్వాత నాన్న నడిపారు. ఎనభైల్లో క్యాసెట్లు వచ్చాక ప్లేట్లు మూలనపడ్డాయి, ఆ తర్వాత షాపే మూతపడింది. నాన్న 2019లో పోయారు. ఆయన సొత్తు అని చెప్పుకోవడానికి మాకు మిగిలింది రెండు ఇనప ట్రంకు పెట్టెలు, వాటి నిండా ప్లేట్లు. బెజవాడ సింగ్ నగర్‌లో మేముండే కింది వాటాలో, అమ్మ మంచం కింద ఉండేవి.

2024 సెప్టెంబరు 1, ఆదివారం పొద్దున్నే బుడమేరు వాగు పొంగి మా వీధిలోకి వచ్చింది. ముందు గడప దగ్గర చీలమండల్లోతు. అమ్మ మందులు, సర్టిఫికెట్లు, గ్యాస్ బండ పైకి చేర్చేసరికి నడుముల్లోతు. ట్రంకులు గుర్తు రాలేదని అబద్ధం చెప్పను. గుర్తొచ్చాయి. ఒక్కో పెట్టె ఇద్దరు మనుషులు మోయాల్సిన బరువు. నేనూ మా ఆవిడా ఒక పెట్టె పట్టి లాగితే మంచం కోడుకు తట్టుకుని ఆగిపోయింది. వదిలేసి అమ్మను పైకి తీసుకెళ్లాం. పై వాటావాళ్ల ఇంట్లో రెండు రాత్రులున్నాం. మూడో తేదీన పడవ వస్తే గుంటూరులో ఉండే మా చెల్లెలి ఇంటికి వెళ్లిపోయాం. అమ్మ దారి పొడుగునా ఇంటి గురించి ఒక్క మాట అడగలేదు. గుంటూరు చేరాక మాత్రం "నాన్న ప్లేట్లు మునిగాయిగా" అంది. అది ప్రశ్న కాదు.

పదో తేదీ మంగళవారం ఇంటి తాళం తీశాం. ఆ వాసన గురించి మునిగినవాళ్లకు చెప్పక్కర్లేదు, మునగనివాళ్లకు చెప్పినా అర్థం కాదు. మా వీధిలో ఫైరింజన్లతో ఇళ్లు కడుగుతున్నారు. గొట్టం మా ఇంట్లోకి తిప్పబోతుంటే "ముందు ఆ మంచం కింద పెట్టెలు తీయనివ్వండి" అని అడ్డం నిలబడ్డాను. ఆ కుర్రాళ్లు పాపం వాళ్లే మోసి మెట్ల మీద పెట్టారు. ఇలాంటి పెట్టెలు మీ ఇంట్లో ఉంటే ఇది గుర్తుంచుకోండి: అంత వేగంగా వచ్చే నీళ్లు తగిలితే నానిన ప్లేటు ఒక్క క్షణం ఆగదు.

మూత తీస్తే లోపల ప్లేట్లు కనబడలేదు. గోధుమరంగు ముద్ద కనబడింది. అట్టలూ కాగితపు కవర్లూ నాని, ఒకదానికొకటి అంటుకుని, పేడముద్దలా అయ్యాయి. చేత్తో విడదీస్తుంటే వేళ్ల సందుల్లోంచి బొమ్మలు జారిపోయాయి. ఎల్పీల, అంటే పెద్ద ప్లేట్ల, అట్టల మీద రంగురంగుల బొమ్మలుండేవి, ఒక్కటీ దక్కలేదు. ఆ ముద్దలోంచి మొదటి ప్లేటు బయటికి లాగి నీళ్లు పోస్తే మధ్యలో ఎర్ర లేబుల్ బయటపడింది. చెక్కుచెదరలేదు. హెచ్‌ఎంవీ కుక్క బొమ్మ ఉంది. అక్షరాలు చదవగలుగుతున్నాను. ఆ లేబుల్ మీదే తెల్ల పెయింటుతో నాన్న వేసిన షాపు నంబరూ ఉంది.

వారానికి పైగా నీళ్లలో ఉన్న కాగితం. పక్కనే కవరు గంజి అయిపోయింది. ఇది మాత్రం ఎందుకు ఊడలేదు? ఈ ప్రశ్నతోనే ఆ తర్వాత ఏడు నెలలు గడిచాయి అనుకోండి.

లెక్క పెడితే మొత్తం 214. అందులో నిమిషానికి 78 చుట్లు తిరిగే పాతకాలపు బరువైన ప్లేట్లు 131, చిన్న ఈపీలు 58, ఎల్పీలు 25. పాతవాటిలో 19 అప్పటికే పగిలో చీలో ఉన్నాయి. పైవాటి బరువుకి అడుగునవి విరిగాయి. నిలబెట్టి పెట్టాల్సిన ప్లేట్లను మేం ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టి ఇన్నేళ్లూ ఉంచాం. అది వరద చేసిన తప్పు కాదు, మాది.

ఆ వెంటనే ఇంకో రెండు తప్పులు చేశాను. మీరు చెయ్యకూడదనే రాస్తున్నాను.

మొదటిది, ఎండ. కడిగిన ఎల్పీలు నాలుగు డాబా మీద ఆరబెట్టి కిందికొచ్చాను. సెప్టెంబరే కదా, పెద్ద ఎండేమీ లేదనుకున్నాను. బెజవాడ డాబా అని మర్చిపోయాను. రెండు గంటల తర్వాత వెళ్లి చూస్తే నాలుగూ అప్పడాల్లా వంకర తిరిగి ఉన్నాయి. వాటి మీద బరువులు పెట్టి నెల రోజులు ఉంచినా తిన్నగా అవలేదు. అందులో ఒకటి ఘంటసాల గారి భగవద్గీత. ఆయన 1974 ఫిబ్రవరిలో పోయాక విడుదలైన ఆ ఎల్పీని నాన్న కొత్తగా వచ్చినప్పుడే కొన్నారు. ఏ ఇంట్లో మనిషి పోయినా మైకు మీద పెట్టింది అదే ప్లేటు. నాన్న పోయిన రోజు మాత్రం క్యాసెట్టు పెట్టాం. ఆ ప్లేటు నా చేతుల్లో పోయింది. ఇప్పటికీ ఆ సాయంత్రం తలుచుకుంటే గొంతులో ఏదో అడ్డం పడుతుంది.

రెండోది, స్పిరిట్. ఎవరో వీడియోలో చెప్పారు, స్పిరిట్‌తో తుడిస్తే బూజు పోతుందని. అది ఎల్పీల్లాంటి వినైల్, అంటే ప్లాస్టిక్ ప్లేట్ల సంగతి. నేను తీసుకెళ్లి 78 ప్లేటు మీద పెట్టాను. దూది నల్లగా అయింది. మురికి వస్తోంది కదా అని ఇంకా రుద్దాను. ఆరాక చూస్తే ఆ మేరకు మెరుపు పోయి, బొగ్గు పలకలా ఉంది. మురికి కాదు వచ్చింది, ప్లేటే వచ్చింది.

పద్నాలుగో తేదీ శనివారం గుంటూరు బ్రాడీపేటలో ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ఎనభై దాటాయి. ఒకప్పుడు రికార్డుల షాపులో గుమస్తా. నాన్న ఆయన దగ్గరే ప్లేట్లు కొనేవారు. అమ్మ ఆయన్ని అన్నయ్యగారూ అంటుంది, నేను బాబాయిగారూ అంటాను. పాడైన ప్లేటు గుడ్డలో చుట్టి తీసుకెళ్లాను. వేలితో ఒకసారి తడిమారు, వాసన చూశారు.

"స్పిరిట్ పెట్టావా అబ్బాయ్? లక్క అబ్బాయ్ ఇది. వడ్రంగి పాలిష్ దేంతో కలుపుతాడు? లక్కని స్పిరిట్‌లోనే కదా!"

నాకు ఒళ్లు ఝల్లుమంది. యాభై నాలుగేళ్లొచ్చాయి, ఈ ప్లేట్ల మధ్యే పెరిగాను, అవి దేంతో చేస్తారో ఏనాడూ అడగలేదు.

ఆ రోజు మధ్యాహ్నం నుంచి దీపాలు పెట్టేదాకా ఆయన చెప్తూనే ఉన్నారు. 78 ప్లేటంటే చెట్ల మీద పురుగు పెట్టే లక్క, అందులో మెత్తటి రాతిపొడి, నలుపు కోసం మసి. ఇవన్నీ వేడి మీద కలిపి ముద్ద చేస్తారు. ఆ వేడి ముద్దని బిస్కెట్ అంటారట. ప్రెస్సులో పైనొకటి, కిందొకటి లోహపు అచ్చులుంటాయి, వాటి మీద పాట గీతలు పొంగి ఉంటాయి. మధ్యలో బిస్కెట్ పెట్టి ఆవిరి వేడితో నొక్కి, వెంటనే చన్నీళ్లు పారించి చల్లారుస్తారు. లేబుల్ ఆ నొక్కుడులోనే పడుతుంది. జిగురు ఉండదు. కాగితం లక్కలో కలిసిపోతుంది. అందుకే బుడమేరు దాన్ని ఊడదీయలేకపోయింది. నా ప్రశ్నకి జవాబు దొరికింది.

"లేబుల్ మీద సన్నక్షరాలు చదివావా?" అన్నారు. కళ్లజోడు తీసి దగ్గరగా పెట్టుకుని చూశాను. డమ్‌డమ్ అని ఉంది. కలకత్తా పక్కన డమ్‌డమ్. హెచ్‌ఎంవీ వాళ్ల గ్రామఫోన్ కంపెనీ ఫ్యాక్టరీ.

మన దేశంలో మొదటిసారి 1902లో కలకత్తాలో పాటలు రికార్డు చేసినప్పుడు వాటిని జర్మనీలో హానోవర్‌కు పంపి, అక్కడ ప్లేట్లు నొక్కించి, ఓడలో తిరిగి తెప్పించారు. 1908లో కలకత్తా సియాల్దా దగ్గర ఫ్యాక్టరీ పెట్టారు. తర్వాత 1920ల చివర్లో అది డమ్‌డమ్‌కు మారింది. లక్క పండేది ఛోటానాగ్‌పూర్ అడవుల్లో, అంటే ఫ్యాక్టరీకి పెరటి సరుకే. మద్రాసులో పాడిన తెలుగు పాట అయినా అచ్చుకి డమ్‌డమ్ వెళ్లాల్సిందే. ఆ మెయిలు బండి బెజవాడ మీదుగానే పోతుంది. "మన పాట మన స్టేషన్ దాటి పైకెళ్లి, ప్లేటై మళ్లీ మన స్టేషన్లోనే దిగేది అబ్బాయ్" అన్నారాయన. గడ్డిలో పొదిగిన చెక్కపెట్టెలు విప్పడం తన పని. పైన ఉన్న ప్లేటు చేతికి తగిలినప్పుడు చల్లగా ఉండేదట, ఎండాకాలంలో కూడా. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన అరచెయ్యి గాల్లో చాపారు.

ఇంకో సంగతి చెప్పారు. నాన్న పెట్టెలో తుప్పుపట్టిన సూదుల డబ్బా ఒకటి దొరికింది. చిన్న తగరపు డబ్బా, లోపల సూదులన్నీ ఒకే గడ్డ. పాటకో ముల్లు మార్చాలని నాన్న అనేవారు, అదో పిసినారితనం లేని అలవాటు అనుకునేవాణ్ణి. అసలు కారణం అది కాదట. ప్లేట్లో ఉన్న రాతిపొడి ఉక్కు ముల్లుని అరగదీస్తుంది, కావాలనే. మొదటి కొన్ని చుట్లలో ముల్లు అరిగి గీతకు సరిపోయే ఆకారం తెచ్చుకుంటుంది. పాట అయ్యేసరికి దాని పని అయిపోతుంది. అదే ముల్లుతో ఇంకో పక్క వాయిస్తే ప్లేటునే చెక్కేస్తుంది.

పదిహేనో తేదీ ఆదివారం నుంచి కడగడం మొదలుపెట్టాను. ఆఫీసు నుంచి వచ్చాక రోజుకి ఎనిమిదో పదో. బాబాయిగారు చెప్పినదీ, నేను చేసి నేర్చుకున్నదీ కలిపి పద్ధతి ఇది. మామూలు నీళ్లతో బురద వదిలించాలి, రుద్దకూడదు. ఆ తర్వాత బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్‌లో గిన్నెలు తోమే ద్రవం రెండు చుక్కలు వేసి, మెత్తటి పెయింట్ బ్రష్‌తో గీతల వెంబడే, గుండ్రంగా తిప్పాలి. అడ్డంగా ఎప్పుడూ వద్దు. మళ్లీ ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి నీడలో నిలబెట్టి ఆరబెట్టాలి. నిలబెట్టడానికి ఏం దొరుకుతుందా అని వెతికాను. మా ఆవిడ వంటింట్లోంచి స్టీలు ప్లేట్ల స్టాండు తెచ్చి ముందు పెట్టింది. అచ్చు కొలత తీసి చేసినట్టు సరిపోయింది. దసరా దాకా మా ఇంట్లో కంచాలు గట్టు మీదే ఉన్నాయి. మాస్కు లేకుండా మాత్రం ఆ పని చేయకండి. ఆ బూజుకి నాకు పది రోజులు దగ్గు తగ్గలేదు.

భూతద్దంతో చూస్తే గీతల్లో బురద ఎలా కూర్చుందో తెలుస్తుంది. పొలంలో నాగటి చాళ్లలో నీళ్లు నిలిచినట్టు సన్నగా, వరసగా. ఒక కడుగుకి సగం పోతుంది. మూడో కడుగుకి నల్లని గీత తేలుతుంది. ఆ నలుపు చూసినప్పుడల్లా ఒక ప్లేటు బతికిందని లెక్క రాసుకునేవాణ్ణి. అక్టోబరు నెలాఖరుకు అన్నీ అయ్యాయి. డిస్టిల్డ్ వాటర్ ఐదు లీటర్ల క్యాన్లు ఎనిమిది పట్టాయి, 960 రూపాయలు. కవర్లకి గవర్నర్‌పేటలో ఒక ప్రింటింగ్ ప్రెస్సు వాళ్లు మాప్‌లితో కాగితంతో 250 చేసిచ్చారు, ఒక్కోటి ఎనిమిది రూపాయలు. ఆ ప్రెస్సాయన పదేళ్లుగా పెళ్లి కార్డులు తప్ప ఇంకేం చేయలేదట, కొలతలు మూడుసార్లు అడిగి మరీ కోశాడు.

వినడం దగ్గర అసలు కష్టాలు మొదలయ్యాయి.

నాన్న వాడిన గరార్డ్ ప్లేయరు కూడా మునిగింది. వన్‌టౌన్‌లో పాత మెకానిక్ ఒకాయన విప్పి చూసి, మోటారు చుట్టలోకి బురద వెళ్లిందనీ, తిప్పే రబ్బరు చక్రం ఉబ్బిపోయిందనీ చెప్పాడు. చక్రం కోసం ఆరు వారాలు తెలిసినవాళ్లందరినీ అడిగాడు. దొరకలేదు. శుభ్రం చేసినందుకు ఐదు వందలు తీసుకుని, "దీన్ని పారేయకండి సార్" అని చెప్పి ఇచ్చాడు.

ఈలోగా వేరే ఊళ్లో పాటలు డిజిటల్ చేసిచ్చేవాళ్లున్నారంటే ముందుగా పది ప్లేట్లు కొరియర్లో పంపాను. ప్లేటుకి 400. ఇరవై మూడు రోజులు ఫోన్ల మీద ఫోన్లు. చివరికి పాటలొచ్చాయి, ప్లేట్లూ వచ్చాయి, వాటిలో రెండు పగిలి వచ్చాయి. థర్మాకోల్ వేసి పంపినవి వాళ్లు ఒట్టి అట్టపెట్టెలో వేసి తిప్పిపంపారు. ప్యాకింగు మా బాధ్యత కాదన్నారు. కోపం కన్నా ఎక్కువ బాధేసింది. బుడమేరులో బతికిన ప్లేట్లవి. ఆ పాటలైనా బాగున్నాయా అంటే, వినైల్ ముల్లుతోనే 78లు వాయించినట్టున్నారు, అంతా సన్నటి గీర. ఈ తేడా డబ్బు కట్టే ముందే అడగండి. 78 గీత వెడల్పు. ఎల్పీ ముల్లు అందులో అడుగున పడి బురదనే గీకుతుంది. 78కి దాదాపు నాలుగు రెట్లు లావు ముల్లు కావాలి, విడిగా అమ్ముతారు.

మునిగిన కింది వాటాలకు ప్రభుత్వం ఇచ్చిన 25,000 అప్పటికి మా ఖాతాలో పడింది. ఫ్రిజ్ పోయింది, పరుపులు పోయాయి, ఆ డబ్బు ఎటు వాడాలో ఇంట్లో రెండు రోజులు మాటలు నడిచాయి. అమ్మే తేల్చింది. "ఫ్రిజ్ లేకుండా నలభై ఏళ్లు వండాను. ప్లేయరు కొనండి." మూడు వేగాలు తిరిగే టర్న్‌టేబుల్ 26,500, 78 ముల్లు 3,200. ముల్లు రావడానికి ఇంకో మూడు వారాలు పట్టింది.

డిసెంబరు 8, ఆదివారం మొదటి ప్లేటు పెట్టాం. పోపు చిటపటలాడినట్టు ఒక చప్పుడు, ఆ చప్పుడు వెనకాల హార్మోనియం, దాని మీద ఒక పురుషుడి గొంతు నాటక పద్యం ఎత్తుకుంది. మూడు నిమిషాలు. ఎవరం కదల్లేదు. అవతలి వాటా పిల్లాడు తలుపు దగ్గరికొచ్చి నిలబడ్డాడు. వాడు పుట్టాక ప్లేటు తిరగడం చూడలేదు.

ఒక చిన్న చిట్కా. ఈ పాత ప్లేట్లు ఒంటి ధ్వనివే, స్టీరియో కాదు. కంప్యూటర్లో రెండు చానళ్లని కలిపి మోనో చేస్తే చిటపట చాలావరకు తగ్గుతుంది. ఎల్పీల దగ్గర మాత్రం నంబరు చూడండి. హెచ్‌ఎంవీ వాటి మీద ఈసీఎల్‌పీ అని మొదలైతే మోనో, ఈసీఎస్‌డీ అయితే స్టీరియో. చిటపట పూర్తిగా తీసేసే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, నేనూ వాడి చూశాను. గొంతులో జీర కూడా పోతోంది. మానేశాను.

సంక్రాంతి అయ్యాక కలకత్తా వెళ్లాను. పగిలిన 19లో కొన్నైనా అక్కడ పాత రికార్డుల షాపుల్లో దొరుకుతాయేమోనన్నది ఇంట్లో చెప్పిన కారణం. జనవరి 16 గురువారం రాత్రి ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మర్నాడు సాయంత్రం హౌరా. శనివారం పొద్దున ఫ్రీ స్కూల్ స్ట్రీట్ షాపుల్లో తిరిగాను. హిందీ, బెంగాలీ, ఇంగ్లీషు గుట్టలు గుట్టలు. తెలుగు ప్లేట్లు అక్కడుండవని నాకెందుకు తట్టలేదో. అక్కడ నొక్కారు గానీ అమ్మింది మన దగ్గర. చివరి షాపులో అడుగున ఐదు దొరికాయి, 2,700 తీసుకున్నాడు. వాటిలో ఒకటి మా పగిలినవాటిలో ఉన్న నంబరే. ఆ షాపాయనే చెప్పాడు, బీటిల్స్ పాటలు కూడా డమ్‌డమ్‌లో 78 ప్లేట్ల మీద వచ్చాయని. ప్రపంచమంతా వినైల్‌కి మారిపోయాక, 1960ల్లో కూడా ఇక్కడ లక్క ప్లేట్లు నొక్కుతూనే ఉన్నారు. కరెంటు లేని ఊళ్లలో కీ ఇచ్చి తిప్పే పెట్టెలే కదా అప్పటికి. ఇప్పుడు ఆ ప్లేట్ల కోసం విదేశాలవాళ్లు ఎంతైనా ఇస్తారట. మా తాతయ్య కూడా కరెంటు లేని ఊళ్లకి ఎడ్లబండి మీద పెట్టె వేసుకెళ్లినవాడే. ఆ మాట హిందీలో ఆయనకి చెప్పాలని చూశాను, సగం చెప్పగలిగాను.

మధ్యాహ్నం మెట్రోలో డమ్‌డమ్ వెళ్లి, అక్కణ్ణించి జెస్సోర్ రోడ్డులో 33వ నంబరు దగ్గర దిగాను. పాత గ్రామఫోన్ కంపెనీ చిరునామా అదే. 1980ల మధ్యలో యాజమాన్యం మారి, 2000లో పేరు సరిగమ అయింది. ప్లేట్లు నొక్కడం ఎప్పుడో ఆగిపోయింది. లోపలికి వెళ్లడానికి నేను ముందుగా అనుమతి అడగలేదు, అప్పటికప్పుడు గేటు దగ్గర అడగడం మర్యాద అనిపించలేదు. రోడ్డుకి ఇవతల నిలబడ్డాను. బస్సులు, ఆటోలు, హారన్లు. మట్టి ముంతలో టీ తాగాను. సంచిలో ఇంటి నుంచి తెచ్చిన ప్లేటొకటి ఉంది, గుడ్డలో చుట్టి. అరవై ఏళ్లో డెబ్భై ఏళ్లో క్రితం ఇక్కడ ఎవరో ఒక మనిషి ఆవిరి వేడి దగ్గర నిలబడి, బిస్కెట్ పెట్టి, లేబుల్ పెట్టి, ప్రెస్సు కిందికి దించాడు. ఆ భాష ఆయనకి రాదు. ఆ పద్యం ఏంటో తెలీదు. కానీ లేబుల్ సరిగ్గా మధ్యలో పడింది. సంచిలోంచి తీసి చూసుకోవాలనిపించింది, జనం ఎక్కువగా ఉన్నారు, తీయలేదు. సంచి మీద చెయ్యి వేసుకుని ఓ ఇరవై నిమిషాలు నిలబడి వచ్చేశాను. రైల్లో ఆ రోజు రాత్రి బాగా నిద్రపట్టింది.

ఫిబ్రవరి, మార్చి ఆదివారాలన్నీ కాపీలు చేయడంతో సరిపోయాయి. 78 అయితే రెండు పక్కలూ కలిపి పది నిమిషాల పని, ఎల్పీకి గంట. చివరికి 131లో 109 పలికాయి. ఈపీలు అన్నీ పలికాయి. ఎల్పీలు 21. హార్డ్ డిస్కుకి 5,200 అయింది. రైలు ఖర్చులు, బస కాకుండా, బ్రష్షుల దగ్గర్నుంచి కొరియర్ దాకా అన్నీ కలిపి 46,510 రూపాయలు. ఒకేసారి అడిగితే ఇవ్వగలిగేవాణ్ణి కాదు, ఏడు నెలల్లో తెలీకుండా అయింది.

మార్చి 30, ఉగాది. పచ్చడి అయ్యాక అమ్మని కుర్చీలో కూర్చోబెట్టి 47వ నంబరు ప్లేటు పెట్టాను. కలకత్తా నాతో వచ్చి వెళ్లింది అదే. నాన్నకి అన్నిటికన్నా ఇష్టమైన పద్యం. షాపు మూసే ముందు ఒక్కసారి వేసుకునేవారు. దాని మీద ఒక గాటు ఉంది. అక్కడికి రాగానే ముల్లు వెనక్కి జారి అన్నమాటే మళ్లీ అనేది, నాన్న చిటికెన వేలితో అలా తట్టి ముందుకు నెట్టేవారు. నా చిన్నప్పటి నుంచీ ఆ పద్యం అలాగే విన్నాను.

కొత్త ముల్లు ఆ గాటు మీదుగా ఆగకుండా వెళ్లిపోయింది. పద్యం పూర్తయింది. అమ్మ నా వైపు చూసి, "ఇది మీ నాన్న ప్లేటు కాదురా, కలకత్తాలో కొన్నదేమో" అంది.

ప్లేటు తీసి ఆమె ఒళ్లో పెట్టాను. లేబుల్ మీద నాన్న వేసిన 47 ఉంది, ఏడుకి మధ్యలో అడ్డగీతతో సహా. అమ్మ బొటనవేలితో ఆ అంకె మీద రెండుసార్లు రాసింది. తర్వాత గాటు ఎక్కడుందో వెతికి, గోటితో తడిమి, తల ఊపింది.

"మళ్లీ పెట్టు."

పెట్టాను. ఆ మాట దగ్గరికి వచ్చేసరికి పాట ముందుకు సాగిపోయింది. అమ్మ మాత్రం అక్కడే ఆగి, ఆ మాట రెండోసారి తను అంది.